బల్బు ఫొటోలో బల్బు ఏది?

మొదటిసారి బల్బు ఫొటో తీసినప్పుడు నాకు దక్కింది ఒక తెల్లటి మచ్చ. మెట్ల దగ్గర వేలాడే మామూలు ఫిలమెంటు బల్బు అది, 60 వాట్లది. గాజు తేటగా ఉంది కాబట్టి లోపలి తీగ కూడా పడుతుందనుకున్నాను. కెమెరాను ఆటోలో పెట్టి నొక్కాను. గోడ బాగా వచ్చింది, హోల్డరు వచ్చింది, వైరు మీద పట్టిన దుమ్ము కూడా వచ్చింది. హోల్డరు కింద మాత్రం కాగితానికి చిల్లు పడ్డట్టు తెల్లటి ఖాళీ. ఇరవై ముప్ఫై సార్లు తీశాను. ఎలా తీసినా అదే ఖాళీ.

ఆ ఖాళీలో ఏముందో చూడాలన్న పట్టుదలే నన్ను ఇన్నేళ్లుగా బల్బుల వెంట తిప్పుతోంది. అందుకే క్రియేటివ్ ఫొటోగ్రఫీ పేరుతో కనబడే బల్బు ఫొటోలు చూస్తుంటే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. వాటిలో చాలావాటిలో బల్బే లేదు. గాజు బుడగ ఉంది. అందులో ఒక మొక్కో, ఒక చేపో, ఒక బుల్లి ఇల్లో, మేఘాలో ఉన్నాయి. వెలిగేదాన్ని పీకేసి ఆ చోటును అద్దెకిచ్చినట్టు ఉంటుంది. బల్బులోకి కొత్త వస్తువును దూర్చడం కన్నా, అందులో మొదటినుంచీ ఉండి మన కంటికి అందనిదాన్ని బయటికి తేవడమే ఎక్కువ కష్టం, ఎక్కువ కల్పన అడిగే పని అని నా నమ్మకం.

లోపల ఉన్నది వెంట్రుక కన్నా సన్నని టంగ్‌స్టన్ తీగ. దాన్ని స్ప్రింగులా చుడతారు, ఆ స్ప్రింగును మళ్లీ ఇంకో స్ప్రింగులా చుడతారు. విప్పి సాగదీస్తే అర మీటరు దాటే తీగ అలా రెండు మూడు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. వెలుగుతున్నప్పుడు దాని వేడి సుమారు 2,400 డిగ్రీల సెల్సియస్. లోహాలన్నిట్లోకీ ఎక్కువ వేడి దగ్గర కరిగేది టంగ్‌స్టన్, 3,422 డిగ్రీలు. అందుకే ఆ మంటలో నిలబడుతుంది. 1879లో ఎడిసన్, స్వాన్ చూపించిన బల్బుల్లో ఉన్నది కార్బన్ తీగ. పెళుసుగా విరిగిపోయే టంగ్‌స్టన్‌ను సన్నగా సాగదీసే పద్ధతిని విలియం కూలిడ్జ్ 1910 ప్రాంతంలో సాధించాడు. బల్బులో నైట్రోజన్ లాంటి వాయువు నింపి, తీగను చుట్టగా చుడితే తీగ త్వరగా అరిగిపోదని ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1913 నాటికి చూపించాడు. ఇంతమంది చేతుల మీదుగా తయారైన వస్తువు ఆ తెల్లటి మచ్చ వెనక దాక్కుంది.

కంటికి కూడా అది మచ్చే. వెలిగే బల్బు వైపు ఎవరూ సూటిగా చూడరు, చూసినా వెంటనే తల తిప్పుకుంటారు. ఎండలో తెల్లగోడ ఎంత కాంతిగా ఉంటుందో, ఫిలమెంటు దానికి వంద రెట్లకు పైగా ఉంటుంది. కెమెరాలోకి చాలా తక్కువ కాంతి పడేలా ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/16, షట్టర్ సెకనులో 1/4000 వంతు పెట్టినా తీగ ఇంకా తెల్లగీతగానే వస్తుంది, చుట్లు విడిగా కనబడవు. మొదట్లో నేను ఇక్కడే ఆగిపోయాను. షట్టర్‌ను ఇంకా ఎంత వేగంగా పెట్టాలా అని చూశాను గానీ, బల్బునే కాస్త తగ్గించవచ్చన్న ఆలోచన చాలా రోజులు రాలేదు.

వెలుగును తగ్గించే నాబ్, అంటే డిమ్మర్, బిగించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. వోల్టేజీని సగానికి తగ్గిస్తే వెలుగు సగం అవుతుందనుకుంటాం. కాదు, దాదాపు పదో వంతుకు పడిపోతుంది. రంగు కూడా మారుతుంది. మామూలుగా 2,700 కెల్విన్ (కాంతి రంగును ఉష్ణోగ్రతగా చెప్పే కొలత) దగ్గర పసుపుగా ఉండే కాంతి 2,000 కెల్విన్ వైపు, ముదురు నారింజలోకి దిగుతుంది. నాబ్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ పోయాను. పసుపు, నారింజ, కుంకుమ రంగు, ఆ తర్వాత నిప్పుకణిక రంగు. అప్పుడు చిన్నవాటిని దగ్గరి నుంచి పెద్దగా చూపే మాక్రో లెన్సులో తీగ చుట్లు ఒక్కొక్కటిగా విడిపోయి కనిపించాయి. వాటిని పట్టుకుని నిలబడ్డ సన్నని ఆధారపు తీగలు, అవి నాటుకున్న గాజు కాడ, ఆ కాడలో చిక్కుకుపోయిన రెండు గాలి బుడగలు. ఏళ్ల తరబడి ఆ బల్బు కింద మెట్లెక్కి దిగిన నేను దాని ముఖం చూసింది ఆ రాత్రే.

ఆ మసక ఎరుపుకు ఒక చరిత్ర ఉంది. ఏ ఘన పదార్థమైనా సుమారు 525 డిగ్రీల దగ్గర కంటికి కనిపించేలా ఎర్రబడటం మొదలవుతుందని 1847లో చెప్పినవాడు జాన్ విలియం డ్రేపర్. ఆ హద్దును ఇప్పటికీ డ్రేపర్ బిందువు అంటారు. ఈ డ్రేపరే ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లో, 1840లో, చందమామను డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పలక మీద పట్టినవాడు కూడా. వేడెక్కిన వస్తువు ఎప్పుడు వెలుగుతుందని వెతికిన మనిషి, వెలుగును పలక మీద ఎలా నిలపాలని వెతికిన మనిషి ఒక్కరే అని తెలిసినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. డిమ్మర్‌ను పూర్తిగా తగ్గించి, గది చీకటి చేసి, ఎర్రదనం ఉందా లేదా అన్న చోట ఆపి పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చి చూడండి. చీకట్లో ఎర్రటి దారం ముక్క వేలాడుతున్నట్టు వస్తుంది. నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చిన ఫొటోల్లో అదొకటి.

అందుకే వైట్ బ్యాలెన్స్‌ను, అంటే ఏ రంగు కాంతిని తెలుపుగా చూపాలో కెమెరాకు చెప్పే సెట్టింగును, ఆటోలో వదిలేయొద్దని అందరికీ చెబుతుంటాను. ఆటోలో ఉంటే కెమెరా ఈ రంగుల్ని సరిదిద్దాల్సిన తప్పుగా చూసి తెలుపు వైపు లాగేస్తుంది. ఇక్కడ రంగే ఉష్ణోగ్రత. పగటి వెలుతురుకు, అంటే 5,500 కెల్విన్ దగ్గర, ఖాయం చేసి వదిలేస్తే ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య తీగ ఎంత చల్లబడిందో రంగే చెబుతుంది.

ఒకసారి ఈ ఫొటోలు చూసి ఒక స్నేహితుడు, "బాగున్నాయి గానీ, ఇందులో ఐడియా ఏముంది?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను చాలా కాలం వదల్లేదు. బల్బు అంటే ఐడియా అనే గుర్తు మన బుర్రల్లో అంత బలంగా నాటుకుపోయింది. కార్టూన్ బొమ్మ తల మీద బల్బు వెలిగితే ఉపాయం తట్టినట్టు. నల్లటి నేపథ్యంలో వెలగని బల్బులు వరసగా, మధ్యలో ఒక్కటే వెలుగుతూ ఉంటే నాయకత్వం. చేతిలో బల్బు, అందులో పచ్చని మొలక ఉంటే పర్యావరణం. ఇవన్నీ ఒక వాక్యం చెప్పడానికి తీసిన ఫొటోలు. వాక్యం అర్థం కాగానే కన్ను అక్కడి నుంచి వెళ్లిపోతుంది, మళ్లీ చూడాల్సిన పని ఉండదు. అలాంటి ఫొటోకు పనితనం అక్కర్లేదని నేను అనను. బల్బు అడుగును జాగ్రత్తగా తెరిచి, గాజు పగలకుండా లోపలి భాగాలు తీసేసి, ఇరుకు మెడలోంచి చిమటాతో ఒక్కో ముక్కా పేర్చడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. కానీ అక్కడ బల్బు స్థానంలో సీసా పెట్టినా ఫొటోకు వచ్చే లోటు తక్కువే.

నీళ్లు నింపిన బల్బు విషయం వేరు. అది నాకు ఇష్టం. ఖాళీ బల్బులో నీళ్లు పోసి కిటికీ ముందు వేలాడదీస్తే అది లెన్సులా పనిచేసి, బయటి చెట్లనూ ఆకాశాన్నీ తలకిందులు చేసి తన పొట్టలో చూపిస్తుంది. ఆ ఫొటో ఆ గాజు వంపు లేకపోతే పుట్టదు. వస్తువు తన స్వభావంతో తానే ఫొటోలో పాలు పంచుకుంటోంది కదా, నేను వెతికేది అదే.

బల్బును బల్బుగానే ఉంచి గొప్ప ఫొటో తీయవచ్చా అంటే, 1973లో విలియం ఎగల్‌స్టన్ మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో తీసిన ఫొటో ఒక్కటి చాలు. రక్తంలా ఎర్రటి సీలింగు, మధ్యలో ఒక్క బల్బు, దాని దగ్గర నుంచి పాకిపోయే తెల్లటి వైర్లు. ఆలోచనకూ ఆశకూ ఆ బల్బు గుర్తుగా నిలబడదు. అది ఆ గదిలో ఉంది, అంతే. అయినా చూసినవాళ్లకు ఆ సీలింగు మనసులోంచి పోదు.

ఇక గాజు. తీగ లొంగింది గదా అనుకుంటే గాజు మొండికేస్తుంది. బల్బు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గది మొత్తాన్ని తన ఒంటి మీద చూపిస్తుంది. కిటికీ, తలుపు, ట్రైపాడ్, మీరు, మీ చొక్కా రంగు, అన్నీ. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరు పెడితే ఆ ప్రతిబింబాలు పోతాయనుకుంటారు. ఈ వంపు మీద ఒక పక్క తగ్గితే ఇంకో పక్క మిగులుతుంది. నాకు పనిచేసిన పద్ధతి చాలా సాదాది. కెమెరాకూ నాకూ ముందు ఒక నల్ల గుడ్డ కట్టి, దానికి లెన్సు పట్టేంత కన్నం చేశాను. గాజుకు చూపించడానికి నలుపు తప్ప ఏమీ లేకుండా చేస్తే, అది ఏ బొమ్మా చూపించదు.

కానీ అప్పుడు గాజే మాయమైపోతుంది. గాలిలో తీగ ఒక్కటే తేలుతూ ఉంటుంది. గాజు అంచును మళ్లీ గీయాలి. దానికి బల్బు వెనక పెద్ద తెల్ల అట్ట పెట్టి, ఆ అట్టకు ముందు, బల్బు వెనకాలే, ఫ్రేము కన్నా కొంచెం పెద్దదైన నల్ల అట్ట పెడతాను. ఫ్లాష్‌ను తెల్ల అట్ట మీదికి కొడితే, నల్ల అట్ట చుట్టూ మిగిలిన తెలుపు గాజు అంచుల్లో వంగి, నలుపు మీద వెండి గీతలా వెలుగుతుంది. అట్టను ఒక వేలు అటు జరిపితే గీత లావెక్కుతుంది, ఇటు జరిపితే తెగిపోతుంది. సాయంత్రం మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా ఈ అట్టలు జరపడంతోనే గడిపిన రోజులు ఉన్నాయి, ఒక్కటి కూడా వృథా అయినట్టు అనిపించలేదు.

తీగకూ గాజుకూ వేర్వేరుగా రెండు ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలపడం తప్పా అని అడుగుతారు. నాకు తప్పుగా అనిపించదు. ట్రైపాడ్ కదలకుండా, అదే బల్బును, కెమెరా ఒకేసారి పట్టలేని రెండు వెలుగుల్లో తీసి కలిపితే అక్కడ లేనిది ఏదీ చేరలేదు. ఒక్కో లోతులో ఫోకస్ చేసిన ఫొటోలను కలిపి అంతా స్పష్టంగా తెచ్చే ఫోకస్ స్టాకింగ్ కూడా అంతే. అయితే ఒక్క నొక్కుతో వచ్చేదాన్ని రెండుగా ఎందుకు చేయడం? డిమ్మర్‌తో తీగను తగ్గించి షట్టర్‌ను 1/200 దగ్గర పెడితే తీగ వెలుగును షట్టర్ నిర్ణయిస్తుంది, గాజు అంచును ఫ్లాష్ నిర్ణయిస్తుంది. ఒకదాని జోలికి ఇంకొకటి దాదాపుగా రాదు. రెండింటి పొత్తు కుదిరిన క్షణంలో కెమెరా వెనక తెర మీద బల్బు మొత్తం, లోపలా బయటా, ఒక్కసారిగా కనబడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని కలిపినప్పుడు ఆ ఆనందం నాకు దొరకలేదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే ఫొటోల గురించి. బల్బు గాజును పగలగొట్టి, తీగను మాత్రం ఉంచి, కరెంటు ఇస్తారు. గాలిలోని ఆక్సిజన్ తగలగానే తీగ క్షణాల్లో కాలిపోతూ తెల్లటి పొగ చుట్టలు వదులుతుంది. ఆ పొగ టంగ్‌స్టన్ ఆక్సైడ్. వెనక నుంచి నీలం, ఎరుపు లైట్లు వేస్తే కంటికి ఇంపుగానే ఉంటుంది, కాదనను. కానీ గాజు లేని హోల్డరు అంటే చేతికి అందే చోట బయటపడి ఉన్న కరెంటు తీగలు. పక్కనే పదునైన గాజు పెంకులు. ముఖం దగ్గర లోహపు పొగ. ఇంత చేసి వచ్చేది ఏమిటి? పొగ ఫొటో. పది మంది తీసిన పది ఫొటోలు కలిపి పెడితే ఎవరిది ఏదో వాళ్లే చెప్పలేరు, ఎందుకంటే బల్బు అప్పటికే కాలిపోయింది. దీన్ని ఎవరూ ఇంట్లో కరెంటు మీద చేయకూడదని నా అభిప్రాయం, ఇందులో నాకు రెండో మాట లేదు.

పగలడాన్ని ఫొటో తీయడమే తప్పని కాదు. ఆపిల్‌లోంచి దూసుకుపోతున్న తూటాను హెరాల్డ్ ఎడ్గర్టన్ 1964లో ఫొటో తీశాడు. ఆయన ఫ్లాష్ సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువసేపు వెలిగింది. అక్కడ విధ్వంసం వెనక ఒక ప్రశ్న ఉంది: తూటా దూరిన వైపూ, బయటికి వచ్చిన వైపూ ఎలా చీలుతుంది? కన్ను ఎప్పటికీ చూడలేని సంగతిని ఆయన చూపించాడు.

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి ఒక సొంత కారణం ఉంది. వెలుగుతున్న బల్బు మీద నీటి బిందువులుంటే బాగుంటుందని ఒకసారి స్ప్రే సీసాతో చల్లాను. బల్బు అప్పటికి పది నిమిషాలుగా వెలుగుతోంది. మొదటి చుక్కలు తగిలాయో లేదో, టప్ మని పగిలింది. తీగ ఒక్కసారి భగ్గుమని ఆరిపోయింది. ఒక పెంకు కనుబొమ పక్కన గీసుకుపోయింది. ఇంకొక్క వేలెడు పక్కకు వచ్చుంటే కన్ను పోయేది. మన ఇంటి దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయన్న సామెత ఆ రాత్రి నాకు సామెతలా వినపడలేదు. వేడెక్కిన గాజు మీద చల్లటి నీరు పడితే ఆ చోటు ఒక్కసారిగా కుంచించుకుపోయి పగులుతుందని నాకు ముందే తెలుసు. తెలిసీ, వస్తున్న ఫొటో మీద ధ్యాసలో మరిచిపోయాను. అప్పటి నుంచి బిందువులు కావాలంటే బల్బును హోల్డరులోంచి తీసి, చల్లటి గాజు మీద గ్లిజరిన్ కలిపిన నీళ్లు చల్లి, ఫ్లాష్‌తోనే తీస్తాను. గ్లిజరిన్ ఉంటే చుక్కలు జారకుండా, ఆరిపోకుండా చాలాసేపు నిలుస్తాయి.

వెలగని బల్బులనే నేను ఇప్పుడు ఎక్కువగా తీస్తున్నాను. దీపమైతే కొండెక్కింది అంటాం, బల్బు మాత్రం పోయింది అంటాం. పోయిన బల్బును చెత్తలో వేసే ముందు ఒక్కసారి కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. గాజు లోపల ఒకచోట పొగచూరినట్టు బూడిద రంగు మసక ఉంటుంది. అది మసి కాదు, టంగ్‌స్టనే. వెలిగినన్నాళ్లూ తీగ మీది నుంచి అణువులు ఆవిరై, గాజుకు అంటుకుని, పొరగా పేరుకున్నాయి. వాయువు నింపిన బల్బులో వేడి వాయువు పైకి లేస్తుంది కాబట్టి ఆ పొర పైభాగానే పడుతుంది. తలకిందులుగా వేలాడిన బల్బుకు మెడ దగ్గర నల్లబడుతుంది. నిలబెట్టి వాడిన దానికి నెత్తి నల్లబడుతుంది. అంటే మూలన పడి ఉన్న బల్బును చూసి, అది బతికినన్నాళ్లూ ఎలా వేలాడిందో చెప్పవచ్చు. తెల్ల కాగితాన్ని వెనక నుంచి వెలిగించి, దాని ముందు ఆ బల్బును పెట్టి తీస్తే, మసక అంచులు నీటి రంగుల్లో వేసినట్టు ఎంతో మెత్తగా వస్తాయి. తీగ తెగిన చోట లెన్సు దగ్గరికి పెడితే కొన్నిసార్లు కొసన చిన్న గుండు కనిపిస్తుంది. తెగిన క్షణంలో లేచిన నిప్పుకు టంగ్‌స్టన్ కరిగి, ఉండకట్టి, అలాగే గడ్డకట్టింది. ఆవగింజలో వందో వంతు కూడా ఉండని ఆ గుండు ఫొటో కోసం ఒక పూటంతా ఫోకస్ స్టాకింగ్ చేశాను.

చాలా బల్బులు స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు పోతాయో ఈ పని మొదలుపెట్టాకే తెలిసింది. చల్లగా ఉన్న తీగ నిరోధం, వేడెక్కినప్పటితో పోలిస్తే పదో వంతు కన్నా తక్కువ. అందుకని మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా మీద పడుతుంది, అప్పటికే పలచబడ్డ చోట తీగ తెగుతుంది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి ఒక కార్బన్ తీగ బల్బు వెలుగుతోంది. ఇప్పుడది సుమారు 4 వాట్లతో మిణుకుమిణుకుమంటోంది. దాన్ని ఆర్పింది చాలా తక్కువ సార్లు. దాని ముందు పెట్టిన వెబ్ కెమెరాలు పాడై మారాయి గానీ బల్బు మారలేదు. ఆ మసక వెలుగులో తీగ మలుపులన్నీ స్పష్టంగా లెక్కపెట్టుకోవచ్చు.

ఫిలమెంటు బల్బులు పోతున్నాయి. యూరోపియన్ యూనియన్ 2009లో వాటిని దశలవారీగా ఆపడం మొదలుపెట్టింది, అమెరికాలో 2023 ఆగస్టులో మామూలు ఫిలమెంటు బల్బుల అమ్మకం దాదాపుగా ఆగిపోయింది. దీనికి నేను బాధపడను. తీసుకున్న కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగా వదిలేసే దీపం ఇంటికి అక్కర్లేదు. నా గదులన్నిట్లో ఎల్ఈడీలే ఉన్నాయి. ఫొటోల కోసం దాచుకున్న ఫిలమెంటు బల్బులు మాత్రం ఒక అట్టపెట్టెలో, ఒక్కోటి కాగితంలో చుట్టి, పదిలంగా ఉన్నాయి.

ఎల్ఈడీ బల్బులో ఫొటో తీయడానికి ఏమీ లేదనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. దానికి దాని రహస్యం ఉంది. చాలా ఎల్ఈడీలు మనకు తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ మీద 120 సార్లు. షట్టర్‌ను వేగంగా పెట్టినప్పుడు ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడేది ఇందుకే. దాన్ని వదిలించుకోవడానికి అందరూ షట్టర్‌ను 1/50కో 1/60కో దించుతారు. నేను మాత్రం ఆ ఆరి వెలగడాన్నే పట్టాలనుకున్నాను. చీకటి గదిలో ఎల్ఈడీ బల్బు ఒక్కటే వెలిగించి, షట్టర్ అర సెకను పెట్టి, కెమెరానే అడ్డంగా ఊపాను. ఫొటోలో గీత రాలేదు. ముక్కలు ముక్కలుగా, దారం మీద పూసలు గుచ్చినట్టు వచ్చింది. లెక్కపెడితే దాదాపు యాభై. నా గదిలోని కరెంటు నాడి ఫొటోలో కొట్టుకుంటోంది. పక్కనే ఫిలమెంటు బల్బును పెట్టి అలాగే ఊపితే తెగని రిబ్బనులా ఒకటే ధార, అందులో లీలగా అలలు. తీగ ఆ కొద్ది క్షణంలో చల్లారేంత తొందరపడదు మరి. మంచి డ్రైవరు, అంటే కరెంటును సమంగా అందించే భాగం, ఉన్న ఎల్ఈడీలు పూసలు చూపించవు, అవీ రిబ్బనుగానే వస్తాయి. ఇంట్లో ఉన్న బల్బులన్నిటినీ ఇలా ఒక్కొక్కటిగా ఊపి చూశాను, ఏ రెండింటి రాతా ఒకేలా లేదు.

ఇలాంటి పొడవాటి ఎక్స్‌పోజర్లకు కెమెరాలో బి అని ఉంటుంది, బల్బ్ మోడ్. ఆ బల్బు మన బల్బు కాదు. పాత కెమెరాల్లో షట్టర్ తెరవడానికి నొక్కిపట్టే రబ్బరు గాలి బుడ్డి. నొక్కి ఉన్నంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది. పేరు కలిసిందంతే, కానీ బి పెట్టిన ప్రతిసారీ నాకు ఈ బల్బే గుర్తొస్తుంది.

మొదట చెప్పిన మెట్ల దగ్గరి బల్బును ఆ తర్వాత కిందికి దించి, బల్ల మీదికి తెచ్చుకున్నాను. ఈ ఫొటోల్లో సగం దానివే. కిందటి నెలలో ఒక సాయంత్రం స్విచ్ వేయగానే చిటుక్కుమని పోయింది. అప్పటికి కెమెరా మీద లెన్సు కూడా బిగించలేదు. మర్నాడు ఉదయం దాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను. మెడ దగ్గర అరచేతి నీడలాంటి మసక. తీగ రెండు చోట్ల తెగింది, ఒక కొసన చిన్న గుండు ఉంది. మధ్య ముక్క రాలి గాజు అడుగున పడి ఉంది. బల్బును కాస్త వంచితే ఆ ముక్క జారి ఇంకో చోట ఆగుతుంది. ఎక్కడ ఆగితే బాగుంటుందో ఇంకా తేల్చుకోలేదు. బల్బు అలాగే బల్ల మీద ఉంది, తెల్ల కాగితం కూడా తీయలేదు.